సొంత పెట్టుబడి

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలానికి ఒక పద్ధతుంది. పాట ఎవరు పాడినా, బుట్ట మాత్రం డబ్బు పెట్టినవాళ్ల పేరు మీదే తెగుతుంది. వేలం చెప్పే చలమయ్య గొంతు జెట్టీ ఈ చివర నుంచి ఆ చివరకు వినబడుతుంది. రేటు మూడుసార్లు చెప్పి, గాలిని కత్తితో నరికినట్టు చెయ్యి ఊపి, "సూర్యకాంతమ్మది!" అంటాడు. తరవాతి బుట్టకీ అదే పేరు, ఆ తరవాతి దానికీ అదే. నిజానికి సూర్యకాంతమ్మ చేపల బుట్ట ముట్టుకుని ఎన్నేళ్లయిందో ఆవిడకే గుర్తులేదు. ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, తీరిగ్గా టీ తాగుతుంటుంది. ఆ బుట్టలు పాడుకునేదీ, మోసేదీ, ఎండలో వీధివీధీ తిరిగి అమ్మేదీ నూకాలు లాంటి ఆడవాళ్లు.

పొద్దున సూర్యకాంతమ్మ వెయ్యికి వంద ముందే పట్టుకుని నాలుగున్నర వేలు ఇస్తుంది. సాయంత్రం అయిదు వేలు తీసుకుంటుంది. ఇదేం వడ్డీ అని చదువుకున్నవాళ్లు నోరు వెళ్లబెడతారు. వెళ్లబెట్టుకోనివ్వండి. తెల్లారి నాలుగింటికి ఏ బ్యాంకువాడు తలుపు తీసి కూర్చుంటాడు? కాగితం లేకుండా, జామీను లేకుండా, "ఏటే, పిల్లకి జొరం తగ్గిందా?" అని అడిగి మరీ డబ్బిచ్చేది సూర్యకాంతమ్మ ఒక్కతే. ఆవిడ చెడ్డది కాదు. కాకపోతే ఆవిడ మంచితనం ఖరీదు రోజుకు అయిదు వందలు, అంతే.

నూకాలుకు ఆ అయిదు వందల కన్నా పేరు దగ్గరే ఎక్కువ మండేది. ఆమె తల్లి చిట్టెమ్మ బతికినన్నాళ్లూ సొంత డబ్బుతో పాడింది. చిన్నప్పుడు తల్లి చీర కొంగు పట్టుకుని జెట్టీ మీద నిలబడిన నూకాలుకు, "చిట్టెమ్మ!" అని కేక వినబడగానే తననే పిలిచినట్టు మెడ నిక్కేది. ఇప్పుడు తన కష్టానికి తనెదురుగానే ఇంకొకరి పేరు పిలుస్తుంటే, రోజూ ఎవరో ఒకరు చెంప మీద కొట్టినట్టే ఉండేది.

అలాగని ఆమెకు సొంత పెట్టుబడి ఎప్పుడూ లేదని కాదు. తల్లి పోతూ పోతూ ముప్ఫై వేలు చేతిలో పెట్టింది. అది ఎక్కడికి పోయిందో జాలరిపేటలో అందరికీ తెలుసు, ఎందుకంటే అందరూ బంతిలో కూర్చుని దాన్ని తిన్నారు. నాలుగేళ్ల కిందట కూతురు శ్రీసత్య పెద్దమనిషైనప్పుడు, నూకాలూ ఆమె మొగుడు వీరన్నా కలిసి పేటలో అంతకుముందెవరూ చెయ్యనంత గొప్పగా ఫంక్షన్ చేశారు. వీధి మొదట్లో ఇంటి గోడంత ఫ్లెక్సీ, డీజే, గాల్లో ఎగిరే కెమెరా, మటన్ బిర్యానీ. మేనమామ హోదాలో నూకాలు తమ్ముడు నాగవంశీ బ్యాండు మేళంతో యాభై ఒక్క పళ్లేల సారె తెచ్చాడు. పేటంతా ముక్కున వేలేసుకుంది. ఫంక్షన్ అయిన నాలుగో రోజు తెల్లవారుజామున హార్బర్‌కు వెళితే నూకాలు చేతిలో పాటకు పైసా లేదు. విత్తనాల వడ్లు వండుకుతిన్న రైతు కథ విని ఎన్నోసార్లు నవ్వింది నూకాలు. ఆ రోజు నవ్వు రాలేదు. తిన్నగా వెళ్లి సూర్యకాంతమ్మ కుర్చీ ముందు నిలబడింది.

ఆ ఫ్లెక్సీ ఇప్పటికీ ఉంది. దాన్ని డాబా మీద పరిచి ఎండుచేపలు ఆరబోస్తారు. "నా మొకం మీద నెత్తళ్లు ఆరబెడతావేటే అమ్మా!" అని పాలిటెక్నిక్ చదివే శ్రీసత్య రోజూ గోల పెడుతుంది.

బయటపడాలని నూకాలు ఒకసారి చూసింది. ఎలాగో అయిదు వేలు కూడబెట్టి సొంతంగా పాటకు దిగింది. మూడో రోజు వాన. చేపలు అమ్ముడుపోలేదు, ఐసు కరిగింది, పెట్టుబడి కరిగింది, మళ్లీ కుర్చీ ముందుకు. అప్పుడర్థమైంది ఆమెకు, ఒక్క రోజు పెట్టుబడి చాలదని. రెండు మూడు వానలు తట్టుకునేంత ఉండాలి. ఇరవై వేలు అనుకుంది.

అనుకోవడం తేలికే, దాచడం ఎక్కడ? ఇంట్లో దాస్తే వీరన్న ఉన్నాడు. బోటు మీద కళాసీగా గొడ్డులా పనిచేస్తాడు, మంచివాడు, కానీ చేతికి ఎముక లేని మనిషి. స్నేహితుడు కళ్లనీళ్లు పెట్టుకుంటే లుంగీ విప్పిచ్చి ఇంటికొచ్చే రకం. బ్యాంకులో వేద్దామంటే ఫ్రిజ్ వాయిదాకి కంపెనీవాడు అడగకుండానే లాగేసుకుంటాడు. చివరికి పాతబస్తీలో, పాత పోస్టాఫీసు వెనక సందులో ఉండే జమాలున్నీసా గుర్తొచ్చింది. ఆమె మొగుడు ఖాజా రేకు పెట్టెలు చేస్తాడు. నూకాలు ఆ ఇంటికి ఏళ్ల తరబడి చేపలు పోస్తోంది.

"బూబమ్మా, మిగిలిన రోజల్లా నీకో యాభయ్యో వందో ఇత్తాను. దాసి పెడతావా?" అని అడిగింది.

జమాలున్నీసా వెంటనే ఒప్పుకోలేదు. గుమ్మంలో కూర్చోబెట్టి, షర్బత్ ఇచ్చి, చెప్పింది. "చూడు నూకాలమ్మా, ఇది అమానత్ అవుతాది. మాకది శానా బరువైన మాట. నీ డబ్బు నాను వాడుకోను, వడ్డీ ఇవ్వను, నా పిల్లలు పస్తున్నా దాన్ని ముట్టను. కానీ నువ్వు అడిగిన రోజున, ఎందుకూ ఏటీ అని అడక్కుండా నీ సేతిలో పెట్టీయాల. వద్దులే తల్లీ, ఇక్కడే ఉండనీ అని కూడా నాను అనకూడదు. తెలిసిందా?"

"తెలిసింది," అంది నూకాలు. కానీ ఆ ఆఖరి మాటలో ఉన్న చిక్కు ఆమెకు అప్పుడు తెలియలేదు.

ఏడాదిన్నర గడిచింది. ఖాజా చేసిన చిన్న రేకు పెట్టెలో నోటు మీద నోటు పడుతూనే ఉంది. ఏప్రిల్ నడిమిలో వేట నిషేధం వచ్చింది. చేపలు గుడ్లు పెట్టే ఆ రెండు నెలలూ బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉంటాయి, మగాళ్లంతా ఇళ్లలో ఉంటారు. మగాళ్లు ఇంట్లో ఉంటే పేటలో జరిగేవి రెండే: పేకాట, ఫంక్షన్లు. నూకాలు మాత్రం ఎండుచేపల గంప ఎత్తుకుని తిరిగింది. నిషేధం ముగియడానికి ఇంకా కొన్ని రోజులుండగా జమాలున్నీసా పెట్టె మూత తీసి, "ఇరవై పూర్తయిందమ్మా," అంది. నూకాలు ఆ రోజు ఇంటికి నడిచి రాలేదు, తేలుకుంటూ వచ్చింది. ఆ సంబరంలో వీరన్నకూ చెప్పేసింది. బోట్లు వేటకెళ్లి వచ్చిన మొదటి రోజే, జెట్టీ కిటకిటలాడుతుండగా, తన పేరు మీద బుట్ట తెగాలి. ఇంకేమీ కోరలేదామె.

ఆ సాయంత్రమే నాగవంశీ వచ్చాడు. చేతిలో శుభలేఖ, మొహంలో ఇబ్బంది.

"అప్పా, మా ధనశ్రీ పెద్దమనిషి ఫంక్షను పెట్టుకున్నాం. నిషేధం అయిపోకముందే సేసీయాల. మేనత్తవి, నువ్వే ముందుండాల."

"ఉండనేటిరా! నా మేనకోడలు కాదేటి?"

నాగవంశీ మెడ గోక్కున్నాడు. "మరి... పళ్లేలు. నీ మరదలు అంతంది, సత్యకి మనం యాభై ఒక్కటి పెట్టినాం కదా, వదిన అంతకి తగ్గదులే అనీసి. సుట్టాలందరికీ సెప్పీసింది కూడా."

వాడు వెళ్లాక వీరన్న చాప మీద లేచి కూర్చున్నాడు. "ఆ బూబమ్మ దగ్గర డబ్బులు తెచ్చీ. పెట్టిన సెయ్యికి తిరిగి పెట్టకపోతే పరువు పోద్ది. వేట మొదలైతే నాను తెచ్చిత్తాను కదా."

"నిరుడూ ఇదే అన్నావు మావా."

"నిరుడు తుపానొచ్చింది. నా తప్పేటి?"

అబద్ధం ఎందుకు, నూకాలుకూ ఆశ లేకపోలేదు. కళ్లు మూసుకుంటే బ్యాండు మోగుతోంది. వెనక యాభై మంది ఆడవాళ్లు, నెత్తిన జరీగుడ్డలు కప్పిన పళ్లేలు, ముందు తను పట్టుచీరలో. పేటంతా అరుగులెక్కి చూస్తుంది. "నూకాలంటే నూకాలే" అంటారు. పేరు కోసమే కదా ఇన్నాళ్లూ ఏడ్చింది? ఇదీ పేరే కదా? పెట్టుబడిదేముంది, మళ్లీ ఏడాదిన్నర పడితే వస్తుంది. ఇలా తనకు తాను సర్దిచెప్పుకుంటూ మర్నాడు పాతబస్తీకి వెళ్లింది.

జమాలున్నీసా గుమ్మంలో బియ్యం ఏరుకుంటోంది.

"బూబమ్మా, నా డబ్బు కావాల."

జమాలున్నీసా చేట పక్కన పెట్టింది. ఆమె ముఖంలో ఏదో అడగబోయి ఆగిపోవడం నూకాలు చూసింది. ఆమె లోపలికి వెళ్లి పెట్టె తెచ్చి, చాప మీద నోట్లు పరిచి లెక్కపెట్టి నూకాలు చేతిలో పెట్టింది. వద్దు అనమ్మా, ఒక్కసారి వద్దు అను, అని నూకాలు లోపల్లోపల బతిమాలుకుంది. ఎవరైనా చెయ్యి పట్టుకుని ఆపితే బాగుండునని ఉంది. జమాలున్నీసా మాట మీద నిలబడే మనిషి. మళ్లీ చేట తీసుకుని బియ్యం ఏరుకోవడం మొదలుపెట్టింది. అమానత్ అంటే ఏమిటో నూకాలుకు అప్పుడు పూర్తిగా తెలిసొచ్చింది. కాపలా ఉన్నది దొంగల నుంచే, నీ నుంచి కాదు.

అక్కడి నుంచి తిన్నగా బట్టల కొట్టుకు వెళ్లింది. ఏసీ చల్లగా తగిలింది. కొట్టువాళ్లు కుర్చీ వేశారు, కూల్‌డ్రింక్ ఇచ్చారు. చేపల వాసన వేసే మనిషికి అంత మర్యాద ఎక్కడా దొరకదు, అందుకే ఒళ్లు పులకరించింది. పిల్లకు పట్టు పరికిణీ, తమ్ముడికి పంచె, మరదలికి చీర, పళ్లేలు మోసే ఆడవాళ్లకు తలా ఒక జాకెట్టు ముక్క. అమ్మకాల అబ్బాయి ఒకదాని మీద ఒకటి విప్పుతూనే ఉన్నాడు. "ఇంకో అయిదు వేలు దాటితే వెండి నాణెం ఉచితం మేడమ్," అన్నాడు. మేడమ్! నూకాలు ఇంకో చీర చూపించమంది.

చివరికి అన్నీ కట్టి బిల్లు కౌంటర్‌కు పంపారు. పేరు అడిగితే చెప్పింది. కూర్చుని ఎదురుచూస్తోంది. అద్దాల అవతల నుంచి మైకులో వినబడింది.

"నూకాలు గారు! నూకాలు గారు, బిల్లు కట్టాలి, కౌంటర్ దగ్గరికి రండి!"

కొట్టంతా ఇటు తిరిగి చూసింది. నూకాలు లేచి నిలబడింది, కానీ కాలు ముందుకు పడలేదు. ఎన్నేళ్ల నుంచి ఈ పిలుపు కోసం చెవులు రిక్కించుకుని ఉంది! తీరా ఆ పిలుపు వచ్చిందంటే, డబ్బు ఇచ్చెయ్యమని వచ్చింది. ఈ మైకువాడు రేపు ఇంకెవరినో పిలుస్తాడు. వేట మొదలవగానే తను మాత్రం మళ్లీ సూర్యకాంతమ్మ కుర్చీ ముందు నిలబడాలి. ఆమెకు సిగ్గేసింది, ఆ వెనకే చెడ్డ కోపమొచ్చింది. కోపం మరదలి మీద కాదు, కొట్టువాడి మీద కాదు, ఇంకో చీర చూపించమన్న తన నోటి మీద.

"పరికిణీ ఒక్కటి ఉంచు బాబూ. మిగతావి తీసీ," అంది.

"మేడమ్, అన్నీ బిల్లు చేసేశాం..."

"మేడమూ నేదు, గీడమూ నేదు. సేపలమ్ముకునేదాన్ని. తీసీమన్నాను."

అబ్బాయి మొహం మాడ్చుకుని మూటలు విప్పాడు. పరికిణీకి ఎండుచేపల డబ్బు కొంగున ముడేసి ఉంది, అది సరిపోయింది. నూకాలు ఎండలో పడి గబగబా సందులోకి నడిచి, నోట్ల కట్ట మళ్లీ జమాలున్నీసా ఒళ్లో పడేసింది. జమాలున్నీసా మొదటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"ఇందాకే లెక్కెట్టినావు కదా బూబమ్మా!"

"ఆ అమానత్ తీరిపోనాది. ఇది కొత్తది," అంది జమాలున్నీసా. ఈసారి మాత్రం మొహమంతా నవ్వే. "ఇప్పుడు షర్బత్ తాగు. ఇందాక ఇద్దామంటే సెయ్యి రానేదు."

వెళ్లేముందు నూకాలు ఖాజా దగ్గర ఒక బుల్లి రేకు పెట్టె కొంది. మూత మీద గులాబీలు, చిన్న తాళం, తాళంచెవి. ఖాజా డబ్బు వద్దంటే ఒప్పుకోలేదు. మర్నాటి కూరకు ఎండు రొయ్యలు ఇస్తానని బేరం కుదుర్చుకుంది.

ఫంక్షన్ రోజున నూకాలు అయిదు పళ్లేలతో వెళ్లింది. ఒకదాంట్లో పరికిణీ, ఒకదాంట్లో పసుపూ కుంకుమా గాజులూ, ఒకదాంట్లో శ్రీసత్యా తనూ రాత్రంతా చుట్టిన లడ్లు, ఒకదాంట్లో పూలూ పళ్లూ, అయిదోదాంట్లో రేకు పెట్టె. బ్యాండు లేదు. వీరన్న రానన్నాడు. తల నొప్పన్నాడు గానీ, నొప్పి తలలో కాదని నూకాలుకు తెలుసు. శ్రీసత్య రెండు పళ్లేలు మోసింది. పేటలో నడుస్తుంటే అరుగుల మీద గుసగుసలు వినబడుతూనే ఉన్నాయి. నూకాలు మెడ వంచలేదు, కానీ చెవులు మాత్రం కాలిపోయాయి.

షామియానా దగ్గర మరదలు ఎదురొచ్చింది. పళ్లేల వెనక్కి, వీధి చివరిదాకా చూసి, నలుగురూ వినేట్టు అడిగింది. "వదినా, మిగతా పళ్లేలు ఎనక ఆటోలో వత్తన్నాయా?"

ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. నూకాలు ఊపిరి పీల్చుకుంది.

"నేదమ్మా. అన్నీ ఇయ్యే. మీరు యాభై ఒక్కటి పెట్టినారు, నాను మరిసిపోనేదు, మరవను. కానీ అప్పు సేసి నాను తేను. ఈ అయిదింటికీ ఎవులికీ బాకీ నేదు. మనసుంటే తీసుకో, నేకపోతే పిల్ల సేతిలో పెట్టి ఎల్లిపోతాను."

మరదలు పక్కకు తప్పుకుంది. ధనశ్రీకి ఈ గొడవలేవీ పట్టలేదు. పదమూడేళ్ల పిల్ల, అందరి పట్టుచీరలూ వదిలేసి గులాబీల పెట్టె ఒళ్లో పెట్టుకుని, తాళం వేసి తీసి, తీసి వేసి, చివరికి తాళంచెవి నగలతో పాటు మెళ్లో వేసుకుంది. ఫొటోలవాడు తియ్యమన్నా తియ్యలేదు. "అత్తా, ఇందులో ఏటి దాసుకోవాల?" అని చెవిలో అడిగింది. "నీ ఇట్టం. ఎవులికీ సెప్పకు," అంది నూకాలు.

భోజనాలయ్యాక చేతులు కడుక్కునే చోట నాగవంశీ పక్కన నిలబడ్డాడు. నీళ్లు పోస్తూ, తలెత్తకుండా గొణిగాడు. "సత్యకి తెచ్చిన యాభై ఒక్క పళ్లేల అప్పు ఇంకా తీరనేదప్పా. సూర్యకాంతమ్మ దగ్గరే తెచ్చినాను. నీ మరదలికి తెల్దు." నూకాలు తమ్ముడి మొహం చూసింది. ఇద్దరూ ఒకరి గొప్ప కోసం ఒకరు మునిగారన్నమాట. తడిచేత్తోనే వాడి బుగ్గ మీద చిన్నగా ఒకటి వేసి ఇంటికొచ్చేసింది.

నిషేధం ముగిసింది. బోట్లు వెళ్లాయి, వచ్చాయి. ఆ తెల్లవారుజామున జెట్టీ మీద కాలు పెట్టడానికి చోటు లేదు. నూకాలు ముందురోజే జమాలున్నీసా దగ్గర తెచ్చుకున్న డబ్బు సంచీ రొంటిన దోపుకుని వచ్చి, కుర్చీ ముందు వరసలో నిలబడకుండా నేరుగా వేలం దగ్గరికి వెళ్లింది. సూర్యకాంతమ్మ టీ గ్లాసు సగంలో ఆగింది. మిగతా ఆడవాళ్లూ చూశారు. ఒక్కతి జారిపోతే వెనక ఇంకెందరు జారిపోతారో లెక్క తెలియనిది కాదు సూర్యకాంతమ్మ. సంచీ చంకన పెట్టుకుని, చాలా ఏళ్ల తరవాత కుర్చీలోంచి లేచి వచ్చింది.

చలమయ్య ముందు ఒక బుట్ట వంజరం చేపలు పెట్టారు. వెండిలా మెరుస్తున్నాయి.

"నాలుగు వేలు!" అంది నూకాలు.

"నాలుగున్నర," అంది వెనక నుంచి సూర్యకాంతమ్మ.

జనం వెనక్కి తిరిగారు. సూర్యకాంతమ్మ స్వయంగా పాట పాడటం కొత్తగా వచ్చిన పిల్లలెవరూ చూడలేదు. నూకాలు అయిదంది, ఆవిడ అయిదున్నర అంది. నూకాలు ఆరంది. "ఆరున్నర," అంది సూర్యకాంతమ్మ, ఆవలించినట్టుగా.

నూకాలు బుట్ట వంక చూసింది. వీధిలో ఎంత గొంతు చించుకున్నా ఆ బుట్ట ఏడు వేలు దాటదు. ఐసూ ఆటో పోను ఆరుకు మించి పాడితే మిగిలేది నడుం నొప్పే. కానీ రొంటిన ఇరవై వేలున్నాయి. జెట్టీ మొత్తం తననే చూస్తోంది.

"ఏటే నూకాలూ, అంతేనా నీ సొంత పెట్టుబడి?" అంది సూర్యకాంతమ్మ. "సాలకపోతే సెప్పు, నాను ఇత్తాను. నువ్వు నా దాన్ని కావేటి?"

ఏడు వేలన్న మాట నూకాలు నాలుక చివరిదాకా వచ్చింది. ఎనిమిదైనా అనేద్దామనిపించింది. ఒంట్లో రక్తమంతా మొహంలోకి వచ్చినట్టుంది. బట్టల కొట్టులో ఇంకో చీర చూపించమన్నప్పుడూ సరిగ్గా ఇలాగే ఉంది. అది గుర్తించగానే ఆమె నోరు గట్టిగా మూసుకుంది.

"నాకొద్దు పిన్నీ. నువ్వే ఉంచుకో," అంది.

చలమయ్య మూడుసార్లు రేటు చెప్పాడు. "సూర్యకాంతమ్మది!" కేక అయితే గట్టిగానే పడింది గానీ, ఎవరూ కదల్లేదు. ఆ రేటుకు కొన్న బుట్ట మోసి అమ్మితే సాయంత్రానికి చేతిచమురు వదులుతుందని అక్కడున్న ప్రతి ఆడదానికీ తెలుసు. సూర్యకాంతమ్మ తన మనుషుల వంక చూసింది. ఒకతి ముక్కు చీదుకుంది, ఒకతి చెప్పు సరిచేసుకుంది.

తరవాత వచ్చినవి కవళ్లు. చిన్న చేప, చవక చేప, రిక్షావాళ్ల కూర. వాటికి పెద్ద పోటీ ఉండదు. నూకాలు రెండు బుట్టలు పద్దెనిమిది వందలకు పాడింది. ఎవరూ ఎదురు పాడలేదు.

చలమయ్య చెయ్యెత్తి, అలవాటు కొద్దీ "సూర్య..." అన్నాడు.

"కాదు మావా." నూకాలు రొంటి నుంచి సంచీ తీసి, నోట్లు చలమయ్య బల్ల మీద పరిచింది. "నా డబ్బు. నా పేరు సెప్పు. చిట్టెమ్మ కూతురు నూకాలు."

చలమయ్య నోట్ల వంక చూశాడు. ఆమె వంక చూశాడు. గొంతు సవరించుకుని, వంజరానికి కూడా ఎత్తనంత ఎత్తుకు గొంతెత్తాడు.

"కవళ్లు రెండు బుట్టలు! నూకాలు!"

ఆ కేక నీళ్ల మీదుగా బోట్ల దాకా వెళ్లింది. బోటు మీద వల దులుపుతున్న వీరన్న తలెత్తి చూశాడు. నూకాలుకు కళ్లు నిండాయి, దాచుకోవాలని కూడా అనిపించలేదు. పద్దెనిమిది వందల కవళ్లు. రాజ్యం రాసిచ్చినా ఆ క్షణాన అంత గర్వంగా ఉండేది కాదామెకు.

బుట్టలు ఆటో వైపు లాగుతుంటే సూర్యకాంతమ్మ అడ్డొచ్చింది. వెనక వంజరం బుట్టలో ఐసు అప్పుడే కారుతోంది. ఆవిడ గొంతు తగ్గించింది.

"ఏటే, ఎలాగూ తిరుగుతావు కదా. ఆ వంజరం కూడా అమ్మిపెట్టీ. నీకేదో ఇత్తానులే."

నూకాలు ఆవిడను తేరిపార చూసింది. పాపం, ముసలిదే. చీర అంచు చేపనీళ్లలో తడిసింది.

"అమ్మిపెడతాను పిన్నీ. వెయ్యికి వంద. సాయంత్రం లెక్క."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఒక్కసారిగా గుక్క తిప్పుకోకుండా నవ్వారు. సూర్యకాంతమ్మ మొహం కందగడ్డలా అయింది. "నా రేటు నాకే సెప్తన్నావేటే!"

"మరి నాకు తెలిసిన రేటు అదొక్కటే పిన్నీ."

సూర్యకాంతమ్మ కరుగుతున్న ఐసు వంక చూసింది. ఒక నిమిషం పళ్లు కొరికింది. "సర్లే, తగలడు. తీసుకెల్లు," అంది చివరికి.

"ఉండు పిన్నీ," అంది నూకాలు, కవళ్ల బుట్ట ఆటోలోకి ఎత్తుతూ. "ముందు నా సేపలు సర్దుకోనీ. సోటు మిగిల్తే అప్పుడు నీయి ఎక్కిత్తాను."